మార్పులు చేసిన పాత హాలో బాడీ గిటార్ కొనాలా, చెయ్యిపడని పాతదా, కొత్తదా?

అమ్మకానికి మూడు హాలో బాడీ గిటార్లు, అంటే లోపల బోలుగా ఉండే ఎలక్ట్రిక్ గిటార్లు, కనిపించాయనుకుందాం. మొదటిది 1953 నాటి గిబ్సన్ ఈఎస్-175. కార్ఖానా నుంచి బయటికొచ్చినప్పుడు దాని మీద ఒకే ఒక్క పి-90 రకం పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగం) ఉండేది. తర్వాతెప్పుడో ఎవరో దాన్ని తీసేసి హంబకర్ (హమ్ అనే రొదను అణిచే రకం పికప్) పెట్టించారు, ట్యూనర్లు (తీగల్ని శ్రుతి చేసే మరలు) మార్చారు, బిగ్స్‌బీ టెయిల్‌పీస్ (తీగల కింది చివరల్ని పట్టుకునే, చేయి ఊపితే స్వరాన్ని వణికించే భాగం) బిగించారు, ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) కొత్తవి వేయించారు. రెండోది అదే ఏడాది, అదే మోడల్. దాంట్లో ఒక్క స్క్రూ కూడా మారలేదు. మూడోది పాత నమూనాను చూసి ఈ మధ్యే తయారుచేసిన కొత్త గిటార్. మొదటిదాని ధర రెండోదాని కన్నా బాగా తక్కువ, మూడోదాని కన్నా కాస్త ఎక్కువ. కొనేవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాయించడానికి కొనేవాళ్లకు చాలాసార్లు మొదటిదే మంచి బేరం. పాత చెక్క, పాత నెక్ (గిటార్ మెడ), పాత కాలపు పనితనం దొరుకుతాయి. మార్పుల వల్ల పడిపోయిన విలువ తాలూకు నష్టం అంతకుముందు యజమానే భరించేశాడు. అయితే ఆ మార్పులు ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఏమీ తేలదు. చెక్క ఎక్కడ పోయింది, ఎంత పోయింది అన్నదే చూడాలి. ట్యూనర్ మళ్లీ దొరుకుతుంది, పికప్ మళ్లీ దొరుకుతుంది, కోసేసిన చెక్క మాత్రం తిరిగి రాదు. ఇకపై చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఏ రకం హాలో బాడీయో తేల్చుకోండి

ఆ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. 1949లో వచ్చిన ఈఎస్-175 పూర్తిగా బోలు, లోతు దాదాపు 86 మిల్లీమీటర్లు. 1959 నాటి ఈఎస్-330, దాని జోడీగా 1961లో ఎపిఫోన్ పేరుతో వచ్చిన కసీనో కూడా పూర్తి బోలువే, కానీ లోతు అందులో సుమారు సగం. 1958లో వచ్చిన ఈఎస్-335ని దూరం నుంచి చూస్తే 330 లాగే ఉంటుంది. లోపల మాత్రం నెక్ దగ్గర్నుంచి కింది అంచు దాకా మధ్యలో మేపుల్ దిమ్మ ఒకటి ఉంటుంది. అందుకే దాన్ని సెమీ హాలో అంటారు.

ఈ తేడా స్టేజి మీద వెంటనే తెలిసిపోతుంది. ఆంప్ (యాంప్లిఫయర్) నుంచి వచ్చే శబ్దం బోలు బాడీ పైచెక్కను కదిలిస్తుంది. ఆ కదలిక తీగల్లోకి, తీగల నుంచి పికప్‌లోకి, మళ్లీ ఆంప్‌లోకి వెళుతుంది. ఈ చక్రం తిరుగుతూనే ఉంటే గిటార్ ఊళ పెడుతుంది. డ్రమ్స్ పక్కన నిలబడి గట్టిగా, డిస్టార్షన్‌తో వాయించేవాళ్లయితే అమ్మకానికున్న ఆ మూడు గిటార్లలో ఏదీ మీకు పనికిరాదు. సెమీ హాలో చూసుకోండి, ఇక్కడితో ఆపేసినా మీకు నష్టం లేదు. చిన్న గదిలో, జాజ్ అయినా బ్లూస్ అయినా పాత రాకబిల్లీ అయినా మోస్తరు శబ్దంలో వాయించేవాళ్లకు మాత్రం పూర్తి బోలు గిటార్ ఇచ్చే ఆ గాలి నిండిన గొంతు ఇంకెక్కడా దొరకదు.

పైచెక్క దేనితో చేశారన్నది కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. ఈఎస్-175 పైచెక్క పొరలు పొరలుగా అతికించి వంచిన మేపుల్ ప్లై. 1951లో వచ్చిన ఎల్-5 సీఈఎస్ లాంటి ఖరీదైన గిటార్లకు మందపాటి స్ప్రూస్ పలకను తొలిచి, చెక్కి పైభాగం చేస్తారు. ప్లైలో ఇంకో రంధ్రం పడితే బాధే గానీ గొంతు పెద్దగా మారదు. చెక్కిన స్ప్రూస్‌లో అదే రంధ్రం పడితే గిటార్ స్వభావమే మారిపోతుంది. అందుకే ఒకే మార్పు రెండు గిటార్ల మీద రెండు రకాల తప్పు అవుతుంది. చెక్కిన పైభాగం ఉన్న పాత గిటార్‌కి తర్వాత పికప్ పెట్టారని చెబితే, అది పైచెక్కను తాకకుండా నెక్‌కో పిక్‌గార్డ్‌కో వేలాడే రకమా, లేక చెక్క కోసి దించినదా అని మొదట అడగండి. వేలాడే రకమైతే ఊపిరి పీల్చుకోవచ్చు.

మార్పు అనగానే ముఖం చిట్లించకండి

పేరున్న హాలో బాడీల్లో చాలావాటికి మార్పులు జరిగాయి. రాకబిల్లీ గాయకుడు ఎడ్డీ కాక్రన్ తన 1955 నాటి గ్రెచ్ కంపెనీ 6120లో నెక్ దగ్గరి డిఆర్మండ్ పికప్ తీసేసి గిబ్సన్ పి-90 పెట్టించుకున్నాడు. జాజ్ గిటారిస్టు జిమ్ హాల్ ఈఎస్-175 మీద పి-90 ఉండేది, తర్వాత దాని స్థానంలో హంబకర్ వచ్చింది. బీటిల్స్ బృందం జాన్ లెనన్ 1968లో తన కసీనో మీది రంగంతా తీసేయించాడు. 1969 జనవరిలో లండన్ మేడ మీద జరిగిన కచేరీలో ఆయన చేతిలో ఉన్నది ఆ ఒట్టి చెక్క గిటారే. వీళ్లకు గిటార్ పనిముట్టు. తమ పనికి ఏది కుదరలేదో దాన్ని మార్చుకున్నారు.

కానీ వాళ్ల గిటార్లకు వచ్చిన విలువ వాళ్ల వల్ల వచ్చింది. ఎవరో తెలియని మనిషి చేయించిన అదే మార్పు ధరను తగ్గిస్తుంది. అమ్మేవాళ్లు ఇలాంటి పేర్లు చెప్పి ధర పెంచబోతే ఒప్పుకోకండి.

ఏ మార్పు ఏం చేస్తుంది

ఫ్రెట్లతో మొదలుపెడదాం. డెబ్బై ఏళ్ల గిటార్‌లో ఫ్రెట్లు అరిగిపోవడం సహజం. కొత్త ఫ్రెట్లు వేయించడాన్ని నేను మార్పుగా చూడను, కారుకి టైర్లు మార్చినట్టే. పాత గిబ్సన్ నెక్ అంచున ఉండే తెల్లటి బైండింగ్, ఒక్కో ఫ్రెట్ చివర చిన్న మొటిమలా పైకి లేచి ఉండేది. ఫ్రెట్లు మార్చినప్పుడు సాధారణంగా ఆ మొటిమలు పోతాయి. సేకరణ కోసం కొనేవాళ్లకు అది లోటు, వాయించే వేళ్లకు తేడా తెలియదు. మీరు చూడాల్సింది వేరే ఉంది. ఫ్రెట్లు మార్చేటప్పుడు ఫింగర్‌బోర్డును, అంటే ఫ్రెట్లు బిగించే పలకను, మరీ ఎక్కువగా చిత్రిక పట్టేశారా అన్నది చూడండి. పొదిగిన ముక్కలు కొన్నిచోట్ల పలచబడి, అడుగున చీకటి రంగు కనిపిస్తుంటే పట్టేశారని అర్థం. ఇంకోసారి ఫ్రెట్లు వేయడానికి అక్కడ చెక్క మిగలదు.

ట్యూనర్ల సంగతి దాదాపు ప్రతి పాత గిబ్సన్‌లోనూ వస్తుంది. మొదట వచ్చిన క్లూసన్ ట్యూనర్ల ప్లాస్టిక్ పిడులు కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోయి, పొడిపొడిగా రాలిపోతాయి. అప్పట్లో చాలామంది వాటిని తీసేసి బరువైన గ్రోవర్ ట్యూనర్లు పెట్టించారు. వాటి కోసం హెడ్‌స్టాక్ (నెక్ పైచివర ట్యూనర్లు ఉండే భాగం) రంధ్రాలను దాదాపు 8.7 మిల్లీమీటర్ల నుంచి 10 మిల్లీమీటర్ల దాకా పెద్దవి చేయాలి. పోయిన చెక్క తక్కువే, శ్రుతి మాత్రం బాగా నిలుస్తుంది. పెద్ద రంధ్రంలో సరిపోయే బుషింగ్‌లు వేసి మళ్లీ క్లూసన్ రకం బిగించుకోవచ్చు కూడా. ధర తగ్గించి అడగడానికి ఇది మంచి కారణం, వద్దనుకోవడానికి చాలదు.

బిగ్స్‌బీ దగ్గర కాస్త ఆగాలి. ఏ రకం బిగ్స్‌బీ అన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది. పెద్ద ఆర్చ్‌టాప్‌ల (పైచెక్క ఉబ్బెత్తుగా ఉండే గిటార్ల) కోసం చేసిన బీ6 రకం కింది అంచున ఉన్న దిమ్మకే బిగుస్తుంది, పైచెక్కకు ఏమీ కాదు. బీ7 రకానికి తీగల్ని కిందికి అదిమే రోలర్ ఒకటి ఉంటుంది, దాని భాగం పైచెక్కకు కూడా స్క్రూలతో బిగుస్తుంది. 335 అయితే కింద దిమ్మ ఉంది కాబట్టి ఆ స్క్రూలకు పట్టు దొరుకుతుంది. 330లోనో 175లోనో ఆ స్క్రూలు పలచటి ప్లైలోకి దిగి గాల్లో తేలతాయి. కొన్నేళ్లకు రంధ్రాలు వదులై, చుట్టూ లాకర్ (పైన వేసే మెరుపు పూత) పగులుతుంది. దానికి తోడు 175 లాంటి హాలో బాడీల్లో బ్రిడ్జ్ (పైచెక్క మీద తీగలు ఆనే భాగం) ఎక్కడా బిగించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. వైబ్రాటో చేయి ఊపిన ప్రతిసారీ అది కొద్దికొద్దిగా జరిగి శ్రుతి తప్పుతుంది. దాన్ని ఆపాలని కొందరు బ్రిడ్జ్ కింద పైచెక్కలోకి రెండు మేకులు దించేస్తారు. అమ్మేవాళ్లు ఈ సంగతి ప్రకటనలో రాయరు. తీగలు వదులు చేసి బ్రిడ్జ్ ఎత్తి చూస్తేనే తెలుస్తుంది.

ఇక పికప్. మన మొదటి గిటార్ అసలు ప్రశ్న ఇదే. పి-90 కోసం కోసిన చోట మామూలు హంబకర్ కూర్చోదు, అంచులు ఇంకా కోయాలి. ఎలా కోశారో చూడాలి. పికప్ రింగ్ విప్పి కింద చూస్తే రంధ్రం అంచులు నున్నగా, గీత గీసినట్టు ఉంటే పని తెలిసిన చెయ్యి అనుకోవచ్చు. ఉలితో కొట్టినట్టు బీటలు బీటలుగా ఉంటే ఇంకా లోపలికి చూడండి. పైచెక్క అడుగున పొడవునా రెండు బద్దెలు అతికించి ఉంటాయి, తీగల బరువును మోసేవి అవే. పికప్ దించడానికి అడ్డొచ్చాయని ఎవరో వాటిని తెగ్గోసి ఉంటే పైచెక్క నెమ్మదిగా కుంగుతుంది. బ్రిడ్జ్ కాళ్ల దగ్గర కళ్లను చెక్క ఎత్తుకు దించి అడ్డంగా చూడండి, గుంత కనిపిస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, హమ్ పోవాలని చేసిన పని గిటార్ నడుం విరుస్తుంది. బద్దెలు తెగిన గిటార్ ఎంత చవకగా వచ్చినా నేను వద్దంటాను.

అదృష్టం బాగుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. పి-90 ఆకారంలోనే చేసిన హంబకర్లు దొరుకుతాయి. అలాంటిది పెట్టి ఉంటే చెక్క కోసి ఉండరు, అసలు పికప్ పెట్టెలో ఉంటే ఒక్క సాయంత్రంలో గిటార్ మొదటి స్థితికి వస్తుంది. ఇది తెలియక "పికప్ మార్చారు" అన్న ఒక్క మాటకే ధర దించేసే అమ్మకందారులు ఉంటారు.

వైరింగ్ మార్చడం చెక్కకు హాని చేయదు గానీ రెండు విధాలుగా మీకు సంబంధించినదే. పాత వాల్యూమ్, టోన్ కంట్రోళ్ల మీద తయారీ సంకేతం అచ్చువేసి ఉంటుంది. 137 అంటే సీటీఎస్ కంపెనీ, 134 అంటే సెంట్రల్యాబ్ కంపెనీ, దాని తర్వాతి అంకెలు ఏడాదినీ వారాన్నీ చెబుతాయి. 137 6523 అని ఉంటే 1965లో 23వ వారంలో చేసిన సీటీఎస్ కంట్రోల్. అవి పోతే గిటార్ వయసుకు ఒక సాక్ష్యం పోయినట్టే. రెండోది ఖర్చు. సాలిడ్ బాడీ గిటార్‌లో వెనక మూత తీసి టంకం పెట్టేయొచ్చు. హాలో బాడీకి మూత ఉండదు. కంట్రోళ్లన్నిటికీ దారాలు కట్టి, ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి మొత్తం అల్లికను బయటికి లాగి, పని చేసి, మళ్లీ అదే దారాలతో ఒక్కోదాన్ని దాని రంధ్రం దగ్గరికి తెచ్చుకోవాలి. ఓపిక ఉన్నవాళ్లే చేసే పని. కాబట్టి ఎవరో ఇప్పటికే శుభ్రంగా కొత్త వైరింగ్ వేసి ఉంటే అది మీకు కలిసొచ్చిన పనే. కంట్రోల్ తిప్పితే గరగరమంటోందంటే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుందని లెక్కలో వేసుకోండి.

రంగు మళ్లీ వేయించిన గిటార్ సంగతి చిన్నదే. పాత గిటార్ల వ్యాపారంలో రంగు మార్చితే విలువ దాదాపు సగానికి పడుతుందని ఒక మోటు లెక్క వాడతారు. పలచగా, పాత పద్ధతిలో నైట్రో (నైట్రోసెల్యులోజ్) లాకర్ వేసి ఉంటే ఆ సగం ధరలో మంచి గిటార్ మీ చేతికొస్తుంది. మందపాటి ప్లాస్టిక్ పూత వేసి ఉంటే పైచెక్క గొంతు నొక్కేసినట్టే. చీకటి గదిలో అతినీలలోహిత టార్చ్ వేసి చూడండి. వయసైన నైట్రో లాకర్ పసుపు పచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసిన చోట్లు వేరే రంగులో మచ్చల్లా తేలిపోతాయి.

అదే టార్చ్‌ని హెడ్‌స్టాక్ వెనక, నట్ (నెక్ పైచివర తీగలు ఆనే చిన్న ముక్క) కింది భాగంలో కూడా ఆడించండి. గిబ్సన్ హెడ్‌స్టాక్ వెనక్కి బాగా వంగి ఉండడం వల్ల, పడిపోయినప్పుడు విరిగేది అక్కడే. విరిగి బాగా అతికించిన గిటార్లు దశాబ్దాలు వాయిస్తున్నవాళ్లున్నారు. విరిగిన సంగతి దాచిపెట్టి, పైన రంగు కొట్టి అమ్మేవాళ్లతోనే సమస్య. ఒక్కటి దాచారంటే మిగతా మాటలేవీ నమ్మకండి.

నెక్ కోణం, అన్నిటికన్నా ముందు

ఎన్ని మార్పులున్నా లేకున్నా, పాత హాలో బాడీలో పెద్ద ఖర్చు నెక్ అతుకు దగ్గరే దాక్కుని ఉంటుంది. డెబ్బై ఏళ్లుగా తీగలు లాగుతుంటే నెక్ కొద్దిగా ముందుకు వంగుతుంది. దాంతో తీగలు ఎత్తుగా లేస్తాయి. వాటిని దించడానికి బ్రిడ్జ్ చక్రాలు కిందికి తిప్పుకుంటూ పోతారు. ఇక తిప్పడానికి లేకుండా బ్రిడ్జ్ అడుగంటి ఉండి, అయినా పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా ఉంటే నెక్ ఊడదీసి మళ్లీ అతికించాల్సిందే. చేయి తిరిగిన మరమ్మతుదారు దగ్గర ఇది బాగా ఖర్చయ్యే పని. ఎవరైనా ఇప్పటికే ఆ పని చేయించి ఉంటే, దానికి రసీదు ఉంటే, నా దృష్టిలో అది అన్ని మార్పుల కన్నా విలువైన మార్పు.

ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపును సరిచేసే ఉక్కు కడ్డీ) తిరుగుతోందా, చివరి దాకా బిగించేసి ఉందా అన్నది కూడా చూడండి. తర్వాత గిటార్‌ని ఆంప్‌కి తగిలించకుండానే పావుగంట వాయించండి. ఒక్కో స్వరాన్నీ ప్రతి ఫ్రెట్ మీదా మోగించండి. ఏదో ఒక స్వరానికి మాత్రమే లోపల్నుంచి జరజరమని రొద వస్తే అతుకు ఊడిన బద్దె అయి ఉండొచ్చు. పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, ఫోన్ లైటు ఎఫ్ రంధ్రంలోంచి లోపలికి పట్టుకుంటే కనిపిస్తుంది. అప్పుడు ఆంప్. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. తీగలు అకౌస్టిక్ గిటార్ల కాంస్యపువి అయితే పికప్‌ని తప్పుబట్టకండి. కాంస్యాన్ని అయస్కాంతం పట్టించుకోదు, కొన్ని తీగలు గట్టిగా, కొన్ని సన్నగా వినిపిస్తాయి. నికెల్ చుట్టిన తీగల సెట్ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లడం నాకు అలవాటు.

చెప్పిన ఏడాదిదేనా?

మార్పులు ఉన్న గిటార్‌లో ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం, ఎందుకంటే సాక్ష్యంగా నిలిచే భాగాలు కొన్ని ఇప్పటికే పోయాయి. మన ఈఎస్-175 నిజంగా 1953దైతే ఎఫ్ రంధ్రంలోంచి తెల్ల లేబుల్ కనిపించాలి. గిబ్సన్ లేబుల్ నారింజ రంగుకు మారింది 1955లో. సీరియల్ నంబర్ ఇంగ్లిష్ 'A' అక్షరంతో మొదలవ్వాలి, 1947 నుంచి 1961 దాకా ఆ వరసే నడిచింది. లోపల చెక్క మీద సిరాతో ముద్రించిన కార్ఖానా ఆర్డర్ నంబర్ కూడా ఉంటుంది. 1952 నుంచి దాని ముందు అక్షరం వెనక నుంచి ముందుకు నడిచింది. 1952కి జెడ్, 1953కి వై, 1954కి ఎక్స్, అలా 1961లో క్యూ దాకా. లేబుల్ ఊడిపోయినా ఈ ముద్ర చాలాసార్లు మిగిలే ఉంటుంది.

1960ల గిబ్సన్లలో మాత్రం సీరియల్ నంబర్ ఒక్కదాన్నే నమ్మొద్దు, అదే నంబర్‌ను వేర్వేరు ఏళ్లలో మళ్లీ వాడారు. ఆ దశాబ్దంలో నట్ వెడల్పు కొలవడం మంచి పని. 1965 ప్రాంతంలో దాదాపు 43 మిల్లీమీటర్ల నట్‌ను 40కి తగ్గించారు, ఆ దశాబ్దం చివరి దాకా అలాగే సాగింది. ఆ మూడు మిల్లీమీటర్లు వేళ్లకు బాగా తెలుస్తాయి. నా వేళ్లకైతే చెక్కుచెదరని 1966 గిటార్ కన్నా, మార్పులతో నిండిన 1958 గిటారే హాయి.

చెయ్యిపడని గిటార్ ఎవరికి

రెండో గిటార్ అందంగా ఉంటుంది, కాదనలేం. పెట్టె తెరవగానే వచ్చే పాత లాకర్ వాసన, చిన్న చిన్న పగుళ్ల గీతలు, అంటకుండా ఉన్న టంకం చూస్తే గుండె జారుతుంది. అయితే దాన్ని కొన్న రోజు నుంచి మీరు కాపలాదారు అవుతారు. ట్యూనర్ పిడి రాలిపోతే మార్చాలా వద్దా, కంట్రోల్ గరగరమంటే టంకం ముట్టుకోవాలా వద్దా, అరిగిన ఫ్రెట్ల మీద ఎన్నాళ్లు నెట్టుకురావాలి అని ప్రతిదానికీ ఆలోచించాలి. ముట్టుకున్న ప్రతిసారీ మీరు ఎక్కువ ధర పెట్టి కొన్న గుణమే కరిగిపోతుంది. పాత సెల్యులాయిడ్ పిక్‌గార్డ్ కుళ్లడం మొదలైతే ఆవిరి వదులుతుంది, చుట్టూ ఉన్న లోహపు భాగాలు తుప్పు పడతాయి. దాన్ని తీసి విడిగా పెట్టాల్సిందే.

పెట్టుబడిగా కొనేవాళ్లకు, పాత వస్తువుల మీద నిజమైన మమకారం ఉన్నవాళ్లకు ఇది సరైన గిటార్. వారానికి నాలుగు రోజులు బయట వాయించేవాళ్లకు కాదు. మార్చిన గిటార్‌ని కొని దాన్ని చెయ్యిపడనిదిగా తిరిగి మార్చేద్దాం అనుకునేవాళ్లు కూడా కనిపిస్తారు. ఆ దారి పట్టకండి. 1950ల భాగాలు విడివిడిగా వెతికి కొంటే మొత్తం ఖర్చు అసలు గిటార్ ధరను దాటే ప్రమాదం ఉంది. అంతా చేశాక కూడా అది అతుకులు వేసిన గిటారే అవుతుంది, ధరా అలాగే ఉంటుంది.

కొత్తది ఎవరికి

మొదటిసారి హాలో బాడీ కొంటున్నవాళ్లకు, పక్కన నమ్మకమైన మరమ్మతుదారు లేనివాళ్లకు నేను కొత్తదే చెబుతాను. నెక్ నిటారుగా ఉంటుంది, వారంటీ ఉంటుంది, విమానంలో తీసుకెళ్లినా మనసు కొట్టుకోదు. కసీనో ఇప్పటికీ తయారవుతోంది. గ్రెచ్‌లో జపాన్‌లో తయారయ్యే ఖరీదైన వరస ఒకటి, దాని కింద ఎలక్ట్రోమాటిక్ పేరుతో అందుబాటు వరస ఒకటి ఉన్నాయి. ఐబనెజ్ ఆర్ట్‌కోర్ వరసలోనూ పూర్తి బోలు గిటార్లున్నాయి. వీటిలో చాలావాటి పూత మందం, పాత వాటి పూత అంత పలచగా ఉండదు. ఆంప్ లేకుండా వాయించినప్పుడు ఆ తేడా తెలుస్తుంది, ఆంప్‌తో చాలావరకు కనుమరుగవుతుంది. ఆరు నెలలు దీన్ని వాయిస్తే మీకు పి-90 ఇష్టమో హంబకర్ ఇష్టమో, లోతైన బాడీ చంకలో ఇమిడిందో లేదో తెలిసిపోతుంది. ఆ తెలివితో పాత గిటార్ వెతకడం సుళువు.

కొత్తదానికి ఇంకో సౌలభ్యం ఉంది, కాగితాల బెడద తక్కువ. పాత గిటార్లు చాలావాటి ఫింగర్‌బోర్డు బ్రెజిలియన్ రోజ్‌వుడ్. ఆ చెట్టు 1992 నుంచి సైటెస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఏర్పాటు) ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది. మిగతా రోజ్‌వుడ్‌లతో చేసిన వాయిద్యాలకు 2019లో సడలింపు వచ్చింది గానీ దీనికి రాలేదు. అమ్మేవాళ్లు ఒక దేశంలో, మీరు ఇంకో దేశంలో ఉంటే అనుమతి పత్రాలు లేకుండా డబ్బు పంపకండి. గిటార్ సరిహద్దు దగ్గరే ఆగిపోవచ్చు.

పాత గ్రెచ్ అయితే

గిబ్సన్ గురించి ఎక్కువ చెప్పాను, పాత గ్రెచ్ మార్పులతో వస్తే చూడాల్సినవి కొంచెం వేరు. వాటి బైండింగ్ సెల్యులాయిడ్ కుళ్లి ముక్కలుగా రాలడం తరచూ చూస్తాం, నెక్ అతుకు వదులవడం కూడా అంతే. అందుకే బైండింగ్ మార్చి, నెక్ తిరిగి అతికించిన గ్రెచ్ కనిపిస్తే దాన్ని లోపంగా కాక పూర్తయిన మరమ్మతుగా లెక్కించండి. 1958 నుంచి డిఆర్మండ్‌ల స్థానంలో ఫిల్టర్‌ట్రాన్ పికప్‌లు వచ్చాయి. రెండిటి గొంతూ వేరు, ఒకటి గంటలా మోగుతుంది, ఇంకోటి గుండ్రంగా, హమ్ లేకుండా పలుకుతుంది. ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టి ఉంటే చెవితోనే తేల్చుకోండి.

ఇక ఆ మూడింట్లో

మన 1953 ఈఎస్-175 విషయంలో నేనైతే ఇలా వెళతాను. నెక్ కోణం బాగుండి, పైచెక్క కుంగకుండా, లోపలి బద్దెలు రెండూ తెగకుండా ఉంటే తీసుకుంటాను. బిగ్స్‌బీ బీ6 అయితే అలాగే ఉంచేస్తాను, బీ7 అయితే తీసేసి ఆ స్క్రూ రంధ్రాలు పూడ్పిస్తాను, ఆ మరమ్మతు ఖర్చును అడిగే ధరలోంచి తీసేస్తాను. హంబకర్ గొంతు నచ్చకపోతే హంబకర్ కొలతలోనే చేసిన పి-90లు దొరుకుతాయి కాబట్టి, కోసిన రంధ్రాన్ని మళ్లీ ముట్టుకోకుండానే పాత గొంతుకు దగ్గరగా వెళ్లొచ్చు. తీసేసిన అసలు ట్యూనర్లు, పికప్, టెయిల్‌పీస్ పెట్టెలో ఉన్నాయా అని అడుగుతాను. ఉంటే ధర కొంచెం ఎక్కువైనా బేరం ఆడను, ఎందుకంటే రేపు నేను అమ్మేటప్పుడు ఆ పెట్టెలోని భాగాలే సగం మాట్లాడతాయి.

బద్దె ఒక్కటి తెగినా, బ్రిడ్జ్ కింద మేకులు కనిపించినా, నెక్ పని మిగిలి ఉన్నా నా డబ్బు కొత్త గిటార్ వైపు వెళుతుంది. పికప్ రింగ్ విప్పి కింద ఫొటో తీసి పంపమంటే, "ఎందుకండీ, అంతా బాగానే ఉంది" అని దాటేసే అమ్మకందారు దగ్గర కూడా నేను ఆగను. నాలుగు స్క్రూలు విప్పడానికి రెండు నిమిషాలు చాలు.